తాయీ గేదె తేన్పు ఆగిన రోజు

నా నోటి వల్ల ఇంతవరకు ఒక పెళ్లి సంబంధం చెడింది, రెండు బదిలీలు వచ్చాయి. ఒక గేదె ప్రాణం మీదికి రావడం మాత్రం ఆ ఒక్కసారే.

నేను ఢిల్లీలో పశువుల పరిశోధన ప్రాజెక్టు ఒకదానిలో టెక్నికల్ అసిస్టెంటుని. గేదె మేత అరిగేటప్పుడు కడుపులో మీథేన్ అనే వాయువు పుట్టి తేన్పులతో బయటికొస్తుంది. అది పైకి వెళ్లి భూమిని వేడెక్కిస్తుంది. దాన్ని తగ్గించే పొడి ఒకటి దాణాలో కలిపి పెట్టి, ఎంత తగ్గిందో కొలవడం మా పని. ఈ ఉద్యోగం గురించి చుట్టాలకు చెప్పేటప్పుడు భూగోళం మొత్తం నా భుజం మీదే ఆనుకుని ఉన్నట్టు చెబుతాను. భుజం మీద నిజంగా ఉండేది పొడి పొట్లాల సంచి.

గురుగ్రామ్ అంచున అరవై అంతస్తుల టవర్ల వెనక (సరే, ముప్ఫై రెండు) ఒక పాత ఊరు మిగిలిపోయింది. అక్కడ ఒక తాయీ ఉండేది. హర్యానాలో పెద్దావిడను అలాగే పిలుస్తారు. ఆమెకు ఒకే ఒక్క ముర్రా గేదె. దాని పాలు టవర్లలో కొన్ని ఇళ్లకు వెళ్లేవి, తాయీ పొయ్యి వెలిగేది కూడా వాటితోనే. గేదెను మా పరిశోధనకు ఇవ్వడానికి ఒప్పుకునే ముందు ఆమె తన హర్యాన్వీలో అడిగింది ఒకటే మాట.

"దీనికేమీ కాదు కదా బేటా?"

"రోజుకో పొట్లం, పొద్దున దాణాలో కలపాలి" అని చెప్పి రమ్మంది మా సైంటిస్టు మేడమ్. వరంగల్ పిల్ల, నాకంటే పదిహేనేళ్లు చిన్నది, నా పైఅధికారి. ఆ ముక్క నాకు మరీ చప్పగా అనిపించింది. గేదె మెడకు మూడు రోజులపాటు దాని ఊపిరిని మెల్లగా పీల్చుకునే గొట్టం డబ్బా కట్టాను. తర్వాత పొట్లాన్ని ప్రసాదంలా రెండు చేతుల్లో పట్టుకున్నాను.

"తాయీ, ఇది తిన్న గేదె తేన్పు అన్న మాటే మర్చిపోతుంది. దీని తేన్పు ఆగిన రోజున ఢిల్లీ అంతా నీ పేరే."

పొడి తగ్గించేది తేన్పులోని వాయువును, తేన్పును కాదు. తేన్పు ఆగితే గేదె బతకదు. అది నాకు తెలుసు. కానీ అంత తిన్నగా చెబితే కథ చిన్నబోతుంది. తాయీ పది రోజులకు సరిపడా పది పొట్లాలు అందుకుని కొంగున ముడి వేసుకుంది.

నాలుగో రోజు పొద్దున డబ్బా మార్చడానికి మేడమ్, నేను కలిసి వెళ్లాం. పొగమంచు టవర్లను సగానికి మింగేసింది. పాకలో చప్పుడు లేదు. ఎప్పుడూ మమ్మల్ని చూసి బుస కొట్టే గేదె తల వేలాడేసి నిలబడి ఉంది. దవడ కదలడం లేదు. ముందున్న దాణా ముట్టలేదు. దాని మీద ఈగలు కూడా లేవు.

తాయీ నన్ను చూసి కొంగు విప్పింది. అందులో ఏమీ లేదు.

"మొదటి రోజు ఒకటే వేశాను బేటా. ఇది తేన్చుతూనే ఉంది. సర్కారు పని చెడుతుందని ఇంకో రెండు వేశాను. నిన్న మిగిలినవన్నీ పెట్టాను. సాయంత్రం నుంచి ఒక్క తేన్పు లేదు. నువ్వన్నట్టే అయింది."

ఆ గొంతులో గర్వం ఉంది. చెయ్యి మాత్రం గేదె మెడను వదలడం లేదు.

మేడమ్ నా వైపు తిరిగి తెలుగులోకి దిగింది. "సర్, ఏం చెప్పిన్రు ఈమెకు?"

"ఉన్నదే చెప్పానండీ. కాస్త వివరంగా."

"బర్రె తేన్పు ఆగుతదని చెప్పిన్రా?"

నేను నా బూట్లు చూసుకున్నాను.

"ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టి చూడున్రి."

పెట్టాను. డప్పులా బిగిసి ఉంది. నా జీవితంలో మొదటిసారి పెంచి చెప్పడానికేమీ మిగల్లేదు. ఆ డొక్క అప్పటికే ఉండాల్సినదానికంటే పెద్దది.

పశువుల డాక్టరు హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. మేం కాచుకున్నాం. పాక మీద గద్దలు తిరుగుతున్నాయి. నలభై అనుకున్నాను, మళ్లీ లెక్కపెట్టాను. రెండే. రెండూ చాలా ఎక్కువగా కనిపించాయి. టవర్ల నుంచి ఎవరో ఫోన్ చేసి పాలేవని అడిగారు. తాయీ "ఆజ్ నహీ", ఈరోజు లేవని పెట్టేసింది. రేపటి సంగతి వాళ్లు అడగలేదు, ఆమె చెప్పలేదు.

డాక్టరు వచ్చి గేదె గొంతులోకి గొట్టం దించాడు. మేం ఆకాశానికి చేరకుండా ఆపాలనుకున్న గాలంతా ఒక్కసారిగా నా మొహం మీదికి వచ్చింది. నేను పక్కకు జరగలేదు. ఆయన గొట్టంలోంచి మందు పోసి చేతులు కడుక్కున్నాడు.

"గ్యాస్ పోయింది. ఇక తనంతట తను తేన్చాలి, నెమరు వెయ్యాలి. లేదంటే..." అని సంచి సర్దుకున్నాడు.

మూడింటికి టవర్ నీడ గోడ దాటి పాకలోకి వచ్చింది. మొదట గేదె కాళ్లు చల్లబడ్డాయి, తర్వాత పొట్ట. తాయీ దాని డొక్కకు చెవి ఆనించి కూర్చుంది. నన్ను తిట్టినా బాగుండేది.

నాలుగు దాటాక గేదె మెడ కొంచెం సాగింది. తేన్పు వచ్చింది. భూకంపమంత అని రాయాలనుంది. కాదు, చిన్నదే. పిల్లాడి తేన్పంత. కాసేపటికి దవడ పక్కకు కదిలింది.

తాయీ లేచి మెడలోని డబ్బా తనే విప్పి మేడమ్ చేతిలో పెట్టింది. "ఇక వద్దు బేటీ. ఎప్పుడైనా వస్తే నువ్వు మాట్లాడు. ఇతను మాట్లాడకూడదు."

వారం తర్వాత ల్యాబ్‌లో ఆ డబ్బా ఫలితం వచ్చింది. ప్రాజెక్టు మొత్తంలో మీథేన్ అంత తక్కువ ఏ గేదెకూ రాలేదు. మేడమ్ దాన్ని ఎర్ర గీతతో కొట్టేసింది.

"తేన్పే లేని బర్రెకు గ్యాస్ ఏడికెళ్లి వస్తది సర్" అంది, తల ఎత్తకుండానే.

గేదె బతికింది గాని పాలు సగానికి పడ్డాయి. మళ్లీ పెరగలేదు. పని మీద ఆ ఊరి దారిన వెళ్లినప్పుడల్లా తాయీ గోడకు ఇవతల ఆగుతాను, లోపలికి వెళ్లను. తేన్పు వినిపించేదాకా నిలబడతాను. ఒక్కోసారి చాలాసేపు పడుతుంది.