రాళ్లు ఇటు, బెల్లం అటు

వానలు వెనుకబట్టే రోజుల్లో బెల్లం చెమ్మగిల్లుతుంది. మొన్న రాజూరాలో ఒక దుకాణం ముందు ఆటో కోసం నిలబడితే, గోనెపట్టా మీద కరుగుతున్న బెల్లం దిమ్మ నుంచి పులుపు కలిసిన తీపి వాసన వచ్చింది. ఆటో వచ్చి వెళ్లిపోయింది. నేను మాత్రం సాస్తి బొగ్గుబాయి పక్కన మా రేకుల ఇళ్ల వరుసలో, లంగా కుచ్చిళ్లు దోపుకున్న చిన్నపిల్లనై నిలబడి ఉన్నాను.

మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. బొగ్గు తవ్వడానికి కరీంనగర్ దిక్కు నుంచి వచ్చినవాళ్లం. ఎండాకాలమంతా ఇంటి కప్పు మీద నల్లటి దుమ్ము పేరుకునేది, మొదటి వానకు అది సిరాలా కారి గోడల మీద చారలు కట్టేది, ఆ గోడల పక్కనే నేల మీద మేం బొగ్గుముక్కతో గీతలు గీసి తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. బాయి నుంచి వచ్చిన బాపు వేణ్నీళ్లు పోసుకుంటుంటే బండ మీద నల్లటి వాగు పారేది. వానలు తగ్గగానే జొన్నచేల గట్ల మీద గునుగు తెల్లగా విచ్చుకునేది, తంగేడు పసుపు తిరిగేది, ఇక ఆడవాళ్ల నోట బతుకమ్మ మాటే.

ఆ రోజుల్లోనే మా తాలూకాను హైదరాబాదు రాష్ట్రంలోంచి తీసి మరాఠీ వైపు కలిపారు. చాందా మాకు జిల్లా ఊరైంది. బడిలో తెలుగు పంతులు వెళ్లిపోయి మరాఠీ గురూజీ వచ్చాడు. ఆ గందరగోళం ఇంకా సద్దుమణగక ముందే సేర్లు పోయి కిలోలు వచ్చాయి. కిలో అంటే సేరు కన్నా కాస్త ఎక్కువేనని గురూజీ చెప్పాడు, నేను ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను.

వారం వారం జరిగే అంగడిలో మా వాళ్లందరూ సరుకులు కొనేది నర్సయ్య సేటు దగ్గరే. తెలుగువాడు, మెత్తటి మాట. సర్కారు కచేరీలో మరాఠీ కాగితం ఇస్తే చదివి అర్థం చెప్పేవాడు, మా వాళ్ల తరఫున వెళ్లి మాట్లాడి వచ్చేవాడు. ఆయన దుకాణంలో తెలుగు వినబడుతుంటేనే మా వాళ్లకు సొంత ఊరికి వెళ్లినట్టుండేది.

ఆ ఏడు ఎద్దులకు మొక్కే పోలాల పండుగకు అవ్వ పోలెలు, అంటే బొబ్బట్లు, చేసింది. పప్పు తన ఇత్తడి మానికతో కొలుచుకుంటుంది, బెల్లం మాత్రం దుకాణపు తూకమే. ఎప్పుడూ సేరు బెల్లం పట్టే పూర్ణానికి ఈసారి కిలో వేసింది. అయినా బాపు ఒక ముక్క నమిలి, "తీపి తగ్గింది గదనే" అన్నాడు. అవ్వ వేలితో పూర్ణం తీసి నాలుక మీద వేసుకుని చప్పరించి చూసింది. పక్కింటి ఆడవాళ్లను అడిగితే, "కొత్త తూకం గట్లనే ఉంటదట" అన్నారు.

తర్వాతి అంగళ్లలో అవ్వ సేటు చేతులనే చూసింది. సరుకు పెట్టకముందు ఖాళీ తరాజు ఎత్తి చూపమనేది, ముల్లు నిటారుగానే నిలిచేది. వంగి పళ్లెం అడుగున చింతపండు అంటించారేమో చూసేది, ఏమీ ఉండేది కాదు. రాళ్ల మీద సర్కారు ముద్ర కూడా ఉంది. ఎక్కడా తప్పు దొరకలేదు, బెల్లం మాత్రం తక్కువే.

బతుకమ్మకు ముందటి అంగడి. రొట్టె, బెల్లం కలిపి కట్టే మలీద ముద్దలకని కిలో బెల్లం కొని, అవ్వ సంచి కట్టకుండానే ఎదురుగా కూరగాయలమ్మే సాళూబాయి దగ్గరికి నడిచింది. సాళూబాయి మరాఠామె, మాతో సగం తెలుగు సగం మరాఠీ కలిపి మాట్లాడేది. ఆమె తన తక్కెడలో బెల్లం పెట్టి చూసి, తల అడ్డంగా ఊపింది. కిలోరాయి కిందికి దిగి కదలకుండా నిలిచింది.

అవ్వ నన్ను రెక్క పట్టుకుని మళ్లీ దుకాణానికి వచ్చింది. అప్పటికే మా వరుస ఆడవాళ్లందరూ అక్కడున్నారు.

"నా మీద నమ్మకం లేదా చెల్లె?" అన్నాడు సేటు, నవ్వుతూనే.

"నమ్మకం మీదనే ఇచ్చేదుంటె తరాజెందుకన్నా, చేత్తోనే ఇయ్యరాదు?"

"ఆ మరాఠామె తరాజు నమ్ముతవు గని, మనోని తరాజు నమ్మవా?"

"అయితే నీ తరాజు మీదనే చూద్దాం. రాళ్లు ఇటు పెట్టు, బెల్లం అటు పెట్టు. మంచి తరాజైతే ఎటు పెట్టినా ఒక్కటే తూగాలె."

సేటు నవ్వు ఆగింది. కదలలేదు. వెనక నుంచి ఎవరో అవ్వ కొంగు పట్టి లాగారు. అవ్వ కొంగు విడిపించుకుని, తానే గద్దె ఎక్కి, కిలోరాయిని బెల్లం పళ్లెంలోకి, బెల్లాన్ని రాయి పళ్లెంలోకి మార్చింది. తరాజు ఎత్తితే బెల్లం పైకి లేచి అక్కడే ఊగింది. దిమ్మలోంచి ఇంకో గడ్డ తీసి పెడితే గాని అది కిందికి రాలేదు. తరాజు కాడలో ముల్లుకు ఒక పక్క చేయి పొడుగు, ఒక పక్క చేయి పొట్టి. ఖాళీగా ఉన్నప్పుడు తేడా తెలియకుండా పొట్టి చేతికి బరువైన పళ్లెం కట్టారు. ఆ సంగతి బాపు తర్వాత వివరిస్తే నాకు అర్థమైంది. అప్పుడైతే ఊగుతున్న బెల్లం, నా రెక్క మీద మళ్లీ బిగుసుకున్న అవ్వ వేళ్లు, అంతే.

ఆ సాయంత్రమే మా వరుస పెద్దమనుషులు వచ్చారు. మరాఠోళ్ల ముందర మనోని పరువు తీసిందని, పోయి సేటుకు దండం పెట్టి రావాలని బాపుతో అన్నారు. బాపు అవ్వ వైపు చూశాడు.

"పరువు ఆయన తూకంల పోయింది, నా నోట్ల కాదు. నేను రాను" అంది అవ్వ.

"అది రానన్నది. నేను రమ్మని గూడ అనను" అన్నాడు బాపు. అంత పొడుగు మాట ఆయన పెద్దల ముందు అనడం నేనెన్నడూ వినలేదు.

ఆ ఏడు మా వాకిట్లోకి ఎవరూ బతుకమ్మ తేలేదు. వరుస చివర చప్పట్లు మోగుతుంటే, అవ్వ మా బతుకమ్మను వాకిలి మధ్య పెట్టి, నన్నూ చెల్లెనూ చెరో పక్క నిలబెట్టి, వాళ్లకు వినబడేంత గట్టిగా పాట ఎత్తుకుంది. ఒక్కతే పాడి, తానే వంత పాడింది. బతుకమ్మ చివరి రోజు, సద్దుల నాడు సాళూబాయి వచ్చింది. పాట రాకపోయినా మాతో చుట్టూ తిరిగింది, మలీద ముద్ద తిని వెళ్లింది.

కానీ తర్వాతి అంగడిలో నా కళ్లతో చూశాను. అవ్వను పలకరించని ఆడవాళ్లే, ఆమెకు వీపు తిప్పి నిలబడి, సేటుతో అంటున్నారు: "రాళ్లు ఇటు పెట్టు, బెల్లం అటు పెట్టు." ఒకరి తర్వాత ఒకరు. దీపావళి నాటికి ఆ కాడ పోయి కొత్త తరాజు వచ్చింది. సేటు తప్పైందని ఎన్నడూ అనలేదు, అవ్వ అడగనూ లేదు. మరుసటి ఏడు మొదట పక్కింటామె బతుకమ్మ తెచ్చి మా వాకిట్లో పెట్టింది. అవ్వ పీట జరిపి ఆమెకు చోటిచ్చింది.

ఇప్పుడు ఆ వరుస లేదు. నేల పైనుంచే తవ్వుకుంటూ పోయే కొత్త గనిలో మా ఇళ్లు, వాకిలి, ఆడిన జాగా అన్నీ గొయ్యి అయిపోయాయి. సోలలు, మానికలు పోయాయి. నా మనవళ్లు తెలుగు వింటారు, మరాఠీలో జవాబిస్తారు. దుకాణాల్లో అంకెలు వెలిగే తూకం యంత్రాలున్నాయి, వాటికి మార్చడానికి రెండో పళ్లెమే లేదు. అందుకే ముందు యంత్రం మీద ఏమీ లేకుండా సున్నా చూపమంటాను, డబ్బా పెడితే డబ్బా బరువు తీసేసి మళ్లీ సున్నా చూపమంటాను, అంకెలు నా వైపు తిప్పమంటాను. దుకాణంవాళ్లు విసుక్కుంటారు, వెనక వరుసలో ఉన్నవాళ్లు గొణుగుతారు. గొణుక్కోనీ. సున్నా కనబడేదాకా నేను సంచి నోరు తెరవను.