కాలవలో స్టేజీ లేదు

చెన్నకేశవులు బాబాయ్ ఎవరినీ మధ్యలో దిగనివ్వడు. మాచర్ల డిపోలో కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ బస్సులో దిగనివ్వలేదు. రిటైరయ్యాక కథల్లో దిగనివ్వడం లేదు. కారంపూడికి టికెట్టు తీసుకున్న ఒక పెద్దమనిషి దారిలో మామిడికాయల బండి చూసి దిగబోతే, చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి, కారంపూడిలోనే దింపి, "ఇప్పుడు ఎనక్కిపోయి కొనుక్కో" అన్నాడట. ఆ పెద్దమనిషి ఆయనకు పిల్లనిచ్చిన మామగారు.

ఇలాంటి మనిషి ప్రతి ఆదివారం మా చేత కథలు రాయించేవాడు. ఆయన స్వయంగా ఒక్క కథ కూడా రాసిన పాపాన పోలేదు. అడిగితే ఒకటే జవాబు.

"ఎవుడో ఎక్కుతాడు. చేతిలో ఏందో ఉంటది. యాడనో దిగుతాడు. మధ్యలో ఆడి గుండెకాయలో ఏం జరిగిందో నాకు తెలీలా. సర్వీసంతా అట్టా తెలీకుండానే పోయింది. ఇప్పుడన్నా మీరు చెప్పండయ్యా, సదువుకున్నారు గదా!"

ఆ ఆటకి ఆయన పెట్టిన పేరు కూడా 'సర్వీసు' అనే. ఇంటి పక్కన రేకుల షెడ్డులో, డిపో వేలంలో కొన్న రెండు పాత బస్సు సీట్లు ఒకదాని వెనక ఒకటి వేసి ఉండేవి. సాహిత్యం మాట్లాడుకోవాలి కాబట్టి ఎదురెదురుగా వేసుకుందామని సుధీర్ బాబు గారు ఒకసారి అన్నారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు, ఒక నవల రాస్తున్నారు. బాబాయ్ ఆయన్ని జాలిగా చూశాడు. "బస్సులో మొకాలు మొకాలు చూసుకుంటా కూర్చుంటారేందయ్యా?" అన్నాడు. అందువల్ల మేము ఎప్పుడూ ఒకరి తల వెనక భాగంతో ఒకరం సాహిత్యచర్చ చేసేవాళ్ళం. ముందు సీటు లేడీస్. అందులో నేనొక్కదాన్నే. నా ముఖం ఎవరికీ కనిపించదు కాబట్టి ఆ ఏర్పాటు నాకు బాగానే ఉండేది.

షెడ్డులో మూడు డబ్బాలు ఉండేవి. మొదటి దాంట్లో ఎక్కేవాళ్ళ చీటీలు, రెండో దాంట్లో సామాను, మూడో దాంట్లో దిగే ఊరు. ఒక్కొక్కరు ఒక్కో డబ్బాలోంచి ఒక్కో చీటీ తీసి, ఆ మూడూ కలిపి అక్కడికక్కడే కథ రాయాలి. నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజరుగా పనిచేసే జోయెల్ ప్రేమకథలు మాత్రమే రాస్తాడు. అతనికి ఒకసారి 'పెళ్ళి తప్పిపోయిన ఫోటోగ్రాఫరు', 'బతికున్న కోడిపుంజు', 'సత్తెనపల్లి' వచ్చాయి.

"బాబాయ్, పుంజుని పెట్టుకుని ప్రేమకథ ఎట్టా రాయాల?"

"దానికి టికెట్టు కొట్టావా లేదా?"

"కొట్టాను."

"కొట్టినాక అదీ పాసింజరే. దానికీ ఒక మనసుంటది. రాయి."

షెడ్డులో గడియారం లేదు. ఎంత టైముందో ఆయన ఊళ్ళ పేర్లతో చెప్పేవాడు. "దుర్గి దాటాం!" అంటే కథ ఊపందుకోవాలి. "ఒప్పిచర్ల!" అంటే ముగింపు వెతుక్కోవాలి. "కారంపూడి వస్తంది, దిగేవోళ్ళు ముందుకి రండి!" అంటే కలం పెట్టేయాలి. ఎవరైనా సూర్యాస్తమయం మీద రెండు వాక్యాలు దాటి రాస్తే సీటు వీపు మీద రెండు దెబ్బలు వేసి, "రైట్ రైట్! కిటికీలోంచి చూసింది చాలు, పోనీయ్!" అని అరిచేవాడు. రూలు తప్పినవాళ్ళకి శిక్ష స్టాండింగ్. మోకాళ్ళ నొప్పులున్న సుధీర్ బాబు గారు జోయెల్ భుజం మీద ప్యాడ్ పెట్టుకుని నిలబడి ఎన్నో కథలు పూర్తిచేశారు.

అన్నిటికంటే పెద్ద రూలు, కథలో ఎవరూ చావకూడదు. మనిషి దిగాల్సిన ఊళ్ళోనే దిగాలి, అదీ నడిచి దిగాలి. కొత్తగా రాసేవాళ్ళకి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. ముగింపు తోచనప్పుడు ఎవరో ఒకరిని చంపేయడమే కదా మాకు తెలిసిన ఒకే ఒక్క విద్య! అది కూడా లాగేసుకుంటే మా కథలన్నీ సత్తెనపల్లి బస్టాండులో ఏం చేయాలో తోచక నిలబడిపోయేవి. పత్రికలకి పంపితే జవాబు వచ్చేది కాదు. మేము కథ పంపిన కొద్దికాలానికే ఒక పత్రిక మూతబడింది. అది తన పుంజు కథ వల్లేనని జోయెల్ ఇప్పటికీ బాధపడతాడు.

నేను ఆ షెడ్డుకి నా ఇష్టంతో వెళ్ళలేదు. ఎమ్మే తెలుగు పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. డిగ్రీ కాలేజీల్లో డెమో క్లాసుకి పిలిస్తే వెళ్ళేదాన్ని. బోర్డు మీద పాఠం పేరు ముత్యాల్లా రాసేదాన్ని. తిరిగి మనుషుల వైపు చూడగానే గొంతు పెగిలేది కాదు. వరసగా అలాగే అయ్యాక గది తలుపు వేసుకోవడం మొదలుపెట్టాను. తినమంటే తినేదాన్ని, లేకపోతే లేదు. రేపు అనేది ఒకటుంటుందంటే విసుగ్గా ఉండేది. మా అమ్మీ వీధి చివర ఉండే వెంకమ్మ పిన్ని దగ్గర ఏం చెప్పుకుందో తెలియదు. ఒక ఆదివారం పిన్ని భర్త చెన్నకేశవులు బాబాయ్ మా గుమ్మంలో నిలబడి, "లేడీస్ సీటు ఖాళీగా ఉందమ్మాయ్, ఎక్కు" అన్నాడు. కాదనడానికి కూడా గొంతు కావాలి కదా. వెళ్ళాను.

మొదటి వారం మల్లిక అనే అమ్మాయి గురించి రాశాను. పేరు ఒక్కటే నాది కాదు. నేను చదవలేనని కాగితం బాబాయ్ చేతికిచ్చాను. ఆయన పెద్దగా చదివి ఆగాడు.

"మల్లిక యాడ దిగాల?"

"కారంపూడిలో," అన్నాను.

"మరి సాగర్ కాలవ కాడ ఎందుకు దిగింది?"

"దిగాలనిపించి."

"హోల్డాన్!" బస్సు ఆపించే కేకతో పాటు సీటు మీద దెబ్బ పడింది. "కాలవలో స్టేజీ లేదమ్మాయ్. ఎక్కించు, ఎక్కించు. పిల్లని బండెక్కించు."

తరవాతి వారం నాకు 'మేకల వ్యాపారి' చీటీ వచ్చింది. అతని పక్క సీట్లో మల్లిక కూర్చుంది.

"మేకలాయన ఏడమ్మా?"

"నిద్రపోతున్నాడు."

"కథంతా నిద్రేనా? సరే, పోనీ. ఈ పిల్ల మళ్ళా లేచిందేంది? హోల్డాన్! ఆడ బ్రేకులు పట్టవు."

ఆ తరవాత ప్రతి వారం మల్లిక కాలవ దగ్గర లేచి నిలబడేది. ప్రతి వారం ఆయన ఒక అడ్డంకి కనిపెట్టేవాడు. ఒకసారి గొర్రెల మంద అడ్డం వచ్చింది. ఒకసారి చెకింగ్ వాళ్ళు ఎక్కారు. ఒకసారి తలుపు గడియ తెరుచుకోలేదు. "ఇయ్యేడు కాలవకి నీళ్ళొదల్లా, దిగి ఏం చేస్తది?" అన్నాడు ఇంకోసారి. నాకు ఏడుపొచ్చింది.

"మీ ఆటలో నిజం రాయడానికి వీల్లేదు బాబాయ్," అన్నాను. ఆ షెడ్డులో నేను మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం అది.

"నిజం రాయి. ఎంతన్నా రాయి. దిగమాక, అంతే."

అందరినీ నిలబెట్టేవాడు కానీ నన్ను మాత్రం ఎప్పుడూ నిలబెట్టలేదు. లేడీస్ సీటు కాబట్టి అనుకున్నాను.

ఎండాకాలంలో నరసరావుపేటలో ఒక కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. వెళ్ళాను. బోర్డు మీద పేరు రాశాను. వెనక్కి తిరిగాను. ఎదురుగా కూర్చున్న ఒకాయన జాలిపడి మంచినీళ్ళు ఇచ్చాడు. తాగాను. అంతే డెమో. తిరిగొచ్చి గది తలుపు వేసుకున్నాను. ఆ ఆదివారం షెడ్డుకి వెళ్ళలేదు, పై ఆదివారమూ వెళ్ళలేదు. ఇంట్లోనే కూర్చుని, చీటీలు లేకుండా, ఎవరూ హోల్డాన్ అనకుండా మల్లిక కథ పూర్తిచేశాను.

ఆ పై ఆదివారం మా ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి ముందు బస్సు సీటు దిగింది. దాన్ని చెరోవైపు పట్టుకుని జోయెల్, సుధీర్ బాబు గారు దిగారు. వెనక డబ్బాలతో బాబాయ్.

"ఏందన్నా ఇది?" అంది అమ్మీ కంగారుగా.

"రూటు మార్చారు బీబమ్మా. ఇయ్యాల్టినించి సర్వీసు మీ ఇంటి మీదగా."

సీటు గుమ్మంలో పట్టలేదు. అడ్డంగా తిప్పారు, నిలువుగా తిప్పారు. "సార్, మీరు లెక్కల మాస్టారు గదా, కొలిచి చెప్పండి" అని జోయెల్, "మోకాళ్ళు కొలుస్తున్నాయయ్యా" అని సుధీర్ బాబు గారు. చివరికి వరండాలోనే పడేశారు. ఎదురింటి ముసలామె వచ్చి గుంటూరు పోతుందా అని అడిగింది. పోదన్నాక కూడా కాసేపు కూర్చుని వెళ్ళింది.

బాబాయ్ నా గది తలుపు మీద బస్సు మీద కొట్టినట్టు రెండు దెబ్బలు వేశాడు. "అమ్మాయ్! మల్లిక బండిలో ఉండిపోయింది. యాడి దాకా వచ్చిందో చెప్పు, మేమూ ఇళ్ళకి పోవాల."

కాగితం తీసుకుని బయటికి వచ్చాను. ఈసారి ఆయన చేతికివ్వలేదు. నేనే చదివాను. నా గొంతు ఎంత చిన్నగా ఉందంటే అందరూ ముందుకు వంగారు. మల్లిక లేచింది. ఆపమంది. బస్సు ఆగింది. బస్సులో ఎవరూ అడ్డం రాలేదు. మల్లిక దిగింది.

బస్సు వెళ్ళిపోయింది.

నేను ఎదురుచూశాను. బాబాయ్ చెయ్యి సీటు మీద దెబ్బ వేయడానికి లేచి గాల్లోనే ఉండిపోయింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. డీజిల్ ఇంజను మోతని మించి ఊళ్ళ పేర్లు అరిచిన మనిషి గొంతు పెగలక నా ముందు నిలబడ్డాడు. నాకు తప్ప ఇంకొకరికి అలా అవడం నేను చూడటం అదే మొదలు.

"హోల్డాన్!" అని అరిచారు సుధీర్ బాబు గారు, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ.

"హోల్డాన్!" అన్నాడు జోయెల్.

"హోల్డాన్!" అంది అమ్మీ వంటింటి గుమ్మంలోంచి. ఆ మాటకి అర్థం ఏమిటో ఆమెకి తెలియదు. అందరూ అంటున్నారు కాబట్టి అవసరమనుకుంది.

జోయెల్ ఉండబట్టలేకపోయాడు. "ఇంకెన్నాళ్ళు దాస్తాం బాబాయ్?" అని నా వైపు తిరిగాడు. "ఫిర్దౌసూ, చావకూడదనే రూలు నువ్వు రాకముందు లేదు."

"ఒరేయ్, నోర్ముయ్!" బాబాయ్‌కి గొంతు వచ్చేసింది.

"నువ్వు రాకముందు ఆ షెడ్డులో వారానికి ఇద్దరన్నా పోయేవోళ్ళు. ఎంత హాయిగా ఉండేదనీ! నీ మొదటి కథ చదివిన సాయంత్రం ఈయన మా ఇళ్ళకి తిరిగి, 'ఆ పిల్ల ముందర ఇంకెవురూ చావటానికి వీల్లేదు' అని ఒట్టేయించుకున్నాడు."

"మీకేం, మీవి చిన్న కథలు," అన్నారు సుధీర్ బాబు గారు. ఆయన గొంతులో నిజమైన దుఃఖం ఉంది. "నా నవల్లో తాతగారు ఆ వారమే పోవాలమ్మా. బంధువులందరినీ పిలిపించాను. పాడె కూడా కట్టించాను. ఈయనొచ్చి ఆపమన్నాడు. అప్పట్నుంచీ ఆయన మంచం మీదే. జావ తాగిస్తున్నాను. వచ్చిన బంధువులు తిరిగి వెళ్ళడం లేదు. ఆ మనిషిని ఏం చేయాలో తోచక మొన్న కంటి ఆపరేషన్ కూడా చేయించాను."

నాకు నవ్వొచ్చింది. పాడె పక్కన కొత్త కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్న తాతగారు కనిపించి ఆపుకోలేకపోయాను. అమ్మీ చేతిలో గరిటెతో నన్నే చూస్తూ నిలబడిపోయింది.

"జోయెల్, నువ్వు స్టాండింగ్!" అన్నాడు బాబాయ్. జోయెల్ అప్పటికే నిలబడి ఉన్నాడు. బాబాయ్ నా వైపు తిరిగాడు. కళ్ళలోకి మాత్రం చూడలేదు. "మల్లిక యాడ దిగుద్దో నాకు తెలీదమ్మాయ్. నేను రాసేవోణ్ణి కాదు. కాలవ కాడ కాదు, అంతవరకే తెలుసు."

"నాకూ తెలీదు బాబాయ్."

"తెలీకపోతే కూర్చో. బండి పోతానే ఉంటది."

కాగితంలో చివరి మూడు వాక్యాలు కొట్టేసి, సీట్లో కూర్చున్నాను.

పై ఆదివారం నేనే షెడ్డుకి వెళ్ళి, తాతగారిని ఇక పోనివ్వమని సుధీర్ బాబు గారితో చెప్పాను. ఆయన ఆ అధ్యాయం చదివారు. బాబాయ్ తువ్వాలులో ముఖం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. టీలు తెచ్చిన వెంకమ్మ పిన్ని హడలిపోయింది.

"ఎవురయ్యా పోయింది?"

"సుధీర్ బాబు రాసిన తాత."

"అయ్యయ్యో, ఎప్పుడు?"

"ఇప్పుడే. కథలో."

పిన్ని టీలు వెనక్కి తీసుకుపోయింది.

వానలు మొదలయ్యాక పేటలోనే మరో కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. నేను బాబాయ్‌కి చెప్పలేదు. అయినా బస్సు కదిలే ముందు ఆయన చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి కండక్టరు చెయ్యి పట్టుకున్నాడు. ఆ కండక్టరు నా ఈడువాడే ఉంటాడు.

"ఈ అమ్మాయిది పేట టికెట్టు. పేటలో తప్ప యాడా దించమాక."

"ఆమె దిగుతానంటే?"

"అననీయ్!"

కారంపూడిలో బస్సు టీకి ఆగింది. అందరూ దిగారు. నేనూ లేచాను. కండక్టరు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"కూర్చోండి మేడమ్."

"టీ తాగి వస్తానండీ."

"వీల్లేదు. ఆయన సంగతి మీకు తెలీదు, డిపోకొచ్చి కూర్చుంటాడు. టీ నేనే తెస్తా."

దిగి రోడ్డు దాటి కొట్టు దగ్గరికి పోయాడు. పక్కన లారీ ఒకటి ఇంజను ఆపకుండా నిలబెట్టి ఉంది. అక్కడినుంచి చేతులు ఊపుతూ ఏదో అడుగుతున్నాడు. అల్లం టీయా, మామూలుదా అని. కిటికీలోంచి చిన్నగా చెప్పాను. వినపడలేదు. మళ్ళీ చెప్పాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"అల్లం టీ!" అని అరిచాను.

కొట్టు దగ్గరున్న జనమంతా తిరిగి చూశారు. టీ బాగుంది.