వంటగట్టు మీద గీత

మా మేనమామ పోయిన నెలలో ఉదయగిరిలో కన్నుమూశాడు. గ్రానైట్ బండలు వేసి పాలిష్ పట్టే మేస్త్రీ ఆయన. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుపోయిందని డాక్టరు చెప్పాడు. పలకరించడానికి వచ్చినవాళ్లు "ఆయుస్సు అంతే" అంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. యాభై రెండేళ్లకే ఆయుస్సు తీరడమేమిటి? తీర్చినవాళ్లున్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

నాలుగేళ్ల కిందట ఆత్మకూరులో మేం ఇల్లు కట్టుకున్నాం. వంటగట్టుకు నల్ల గ్రానైట్ మామే వేశాడు. గృహప్రవేశం నాలుగు రోజులుందనగా, స్టవ్ పెట్టే చోట పొడుగ్గా ఒక బూడిదరంగు గీత కనిపించింది. పగిలిన బండ వేశావని ఫోన్లో మామ మీద అరిచాను. పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చాడు. గీతకు అడ్డంగా గోరుతో గీశాడు. నా వేలు పట్టుకుని నాచేతా గీయించాడు.

"గోరు తట్టుకునిందా?"

"లేదు."

"తట్టుకుంటే పగులు పాపా. లేకుంటే రాతికి పుట్టుమచ్చ. కొండలో ఉండంగానే పుట్టినాది. రుద్దితే పోయేది కాదు."

ఏ బండనైనా ఆయన అలాగే చూసేవాడు. పగుళ్లలో మైనం నింపి, రంగు పూసి అమ్మే షాపువాళ్లు ఆయన గోరుకు భయపడేవారు. మంచి బండ దొరికితే అరచేత్తో తుడిచి, "దీనికి మన చెయ్యి అక్కర్లా" అని మురిసిపోయేవాడు.

నేను వినలేదు. వచ్చినవాళ్లు ఏమనుకుంటారోనని, గీతను రుద్ది తీసెయ్యమని పట్టుబట్టాను.

"సరే, నీళ్లు పోసి పట్టాల. గోడలకు చిమ్ముద్ది" అన్నాడు.

"కొత్త రంగు మామా! నీళ్లొద్దు, పొడిగానే పట్టు. దుమ్ము హాల్లోకి రాకుండా తలుపేసుకో."

నా వంక ఒకసారి చూసి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని తలుపేసుకున్నాడు. ఒక్కచోటే రుద్దితే అక్కడ మెరుపు చచ్చిపోతుందని గట్టంతా మళ్లీ పట్టాడు. రెండు రోజులు. అన్నానికి బయటికొస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. గీత పోలేదు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లలో ఒక్కరూ దాన్ని గమనించలేదు.

ఆ రెండు రోజులే ఆయన్ని చంపాయని అనను. ముప్పై ఏళ్లుగా ప్రతి ఇంట్లోనూ నాలాంటిది ఒకతె తలుపేసుకోమంది. కాంట్రాక్టర్లు నీళ్లు దండగన్నారు. ఒక్కడూ మంచి మాస్కు కొనివ్వలేదు. బీడీ ముట్టని మనిషిని ఆస్పత్రిలో "రోజుకెన్ని కాలుస్తావు?" అని అడిగారు. మంచం మీద కూడా ఆయనకు నామీద కోపం రాలేదు. "నీ గట్టు బాగుండాదా పాపా?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

కర్మలైన మర్నాడు ఉదయగిరి బస్టాండుకు నడుస్తుంటే, కొత్త మిద్దె ఒకదాంట్లోంచి పాలిష్ మిషను రొద వినిపించింది. తలుపు సందుల్లోంచి పొడి వస్తోంది. తోసుకుని వెళ్లి ప్లగ్గు పీకేశాను.

"ఎవురు నువ్వు? ఏంది నీ గోల?" అని ఇంటావిడ కేకలేసింది.

"నీళ్లు పోసి పట్టనీమ్మా! గోడ పాడైతే మళ్లీ రంగేసుకో, మనిషిని మళ్లీ చేసుకోలేవు!" అని అంతకంటే గట్టిగా అరిచాను.

మేస్త్రీ మా ఇద్దరి వంకా చూసి, మెల్లగా వెళ్లి బిందె తెచ్చుకున్నాడు. మిషను మళ్లీ మొదలైంది. నేను బయట నిలబడే ఉన్నాను. కాసేపటికి రాతిపొడి చిక్కటి బురదై గడప దాటి, ఒక్కో మెట్టే దిగుతూ వీధిలోకి వచ్చింది.