ఇప్పపువ్వు లడ్డూ

పాప టిఫిన్ బాక్సు కోసం పొద్దున ఇప్పపువ్వు వేయిస్తుంటే, ఆ తీపి వాసనకు సారపాకలో మా ఇల్లు గుర్తొచ్చింది.

చిన్నప్పుడు ఒకరోజు బడికి పోయేముందు అమ్మ నాకు ఇప్పపువ్వు, నువ్వులు, బెల్లం దంచి చేసిన లడ్డూ ఇచ్చింది. నేను ముట్టుకోలేదు. ఆ పువ్వుతోనే కాచే ఇప్పసారా తాగి మా వీధిలో తూలేవాళ్లను రోజూ చూసేదాన్ని మరి.

"నాకొద్దమ్మా, నిషా ఎక్కుతది. బళ్లె టీచరమ్మ కొడుతది," అన్నాను.

అమ్మ నవ్వలేదు. ఆ లడ్డూ తనే తిని, దండెం కింద ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా నడిచింది.

"ఏమన్న తూలుతున్ననా? రక్తం పడతది, తిను బిడ్డా," అంటూ ఇంకోటి చేతిలో పెట్టింది.

అయినా నాకు నమ్మకం కుదరలేదు. రోజూ ముందు అమ్మచేత ఒకటి తినిపించి, నడిపించాకే నేను తినేదాన్ని.

ఇప్పుడు పాప వెనకాల తిరుగుతుంటే నా టీ చల్లారిపోతోంది. అప్పట్లో నాకు ఆ అనుమానమే లేకుంటే, పనుల్లో పడి మధ్యాహ్నం దాకా అమ్మ కడుపులో ఏమీ పడేది కాదు.