నోట్లో నిప్పున్న టీచరమ్మ

పిల్లలకు ఊహాశక్తి పెంచడానికి సెలవుల్లో తరగతులు పెడుతున్నారట. మొన్న గాజువాకలో గోడమీద ఆ కాగితం చూసి నాకు ఒళ్ళు మండింది. పెంచడానికి అదేమైనా బెండమొక్కా? నేను బడిలో చదివింది తక్కువ, పొట్లాల కాగితాల మీద చదివింది ఎక్కువ. అయినా డెబ్బైలలో, మల్కాపురంలో మూడో తరగతిలో ఉండగానే, మా టీచరమ్మ కొరివిదెయ్యమని ఎవరి సాయమూ లేకుండా కనిపెట్టాను.

ఆవిడ సన్నగా, పొడుగ్గా ఉండేది. ఎప్పుడూ తెల్లచీరే. ఒకనాడు మధ్యాహ్నం గంట కొట్టాక బడి వెనక్కి వెళితే, గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. చేతిలో ఏమీ లేదు. మూసిన నోటి పక్కనుంచి పొగ వస్తోంది. ఇంతలో దగ్గొచ్చి నోరు తెరిచింది. లోపల ఎర్రగా నిప్పు.

ఆ నిప్పు ఎక్కడిదో కూడా నేనే తేల్చాను. రిఫైనరీ గొట్టం మీద పగలూ రాత్రీ మంట ఉండేది. అది కాస్త తగ్గినప్పుడల్లా, ఈవిడ వెళ్ళి నోటినిండా తెచ్చుకుంటోందన్నమాట.

నా గురించి నాకు భయం లేదు. ఇంట్లో అప్పుడే పుట్టిన చెల్లెలుంది. దెయ్యాలకు పసికందులంటే ఎంత ఇష్టమో మా తరగతిలో తెలియనివాడు లేడు. అలాంటిది, టీచరమ్మ నన్ను దగ్గరికి పిలిచి, "మీ ఇంట్లో పాప పుట్టిందట కదా, సాయంత్రం వచ్చి సూస్తాను" అంది.

సాయంత్రం గుమ్మానికి అడ్డంగా చీపురు పెట్టి, దానిమీద నాన్న చెప్పులు పెట్టి, ఉయ్యాల పక్కన కాపలా కూర్చున్నాను. ఆవిడ కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని రెండింటినీ దాటి వచ్చేసింది. చదువుకున్న దెయ్యం, ఇలాంటివి లెక్కచెయ్యలేదు.

"గుమ్మంలో సీపురెవుడెట్టాడ్రా?" అంటూ వంటింట్లోంచి అమ్మమ్మ వచ్చింది. పురిటికని పల్లెనుంచి వచ్చిన మనిషి. టీచరమ్మ దగ్గర ఆగి, ముక్కు ఎగబీల్చి, గొంతు తగ్గించింది.

"అడ్డపొగేటమ్మా?"

టీచరమ్మ తలదించుకుంది. "బళ్ళో సెప్పకండి పెద్దమ్మా."

"నానెందుకు సెప్తాను. ముందు నాకోటియ్యి. మా అల్లుడికి పొగ గిట్టదు. వొచ్చిన్నాటినుంచి నోరు కట్టుకు సచ్చిపోతన్నాను."

ఇద్దరూ పెరట్లోకి నడిచారు. నేను వెనకే వెళ్ళాను. చుట్టలు ముట్టించి, నిప్పున్న కొసలు నోట్లోకి తిప్పుకుని, పెదవులు మూసి, కళ్ళు అరమూసి కూర్చున్నారు. మా వాకిట్లో చుట్టే ఎరగని నాకు ఇప్పుడు రెండు దెయ్యాలు. అందులో ఒకటి అమ్మమ్మ.

"అమ్మమ్మా, ఆవిడకి పాపనియ్యకే. నోట్లో నిప్పుంది" అని ఏడుపందుకున్నాను.

"నాకూ ఉంది, సూడు" అని నోరు తెరిచింది. తెరిచి నవ్వేసరికి చుట్ట జారి ఒళ్ళో పడింది. చీర దులుపుకుంటూ లేచి గెంతింది. టీచరమ్మ నవ్వలేక గోడ పట్టుకుంది. ఆవిడ నవ్వు చూడటం నాకదే మొదలు.

చుట్టలు ఆర్పి, ఇద్దరూ నోళ్ళు పుక్కిలించి, చేతులు కడుక్కుని లోపలికొచ్చారు. అమ్మమ్మ ఉయ్యాల దగ్గర నిలబడి, "ఇవ్వనా వద్దా? నువ్వే సెప్పు" అంది నాతో.

నేను టీచరమ్మ ముందు నిలబడి, "నోరు తెరవండి" అన్నాను.

ఆవిడ బుద్ధిగా వంగి, పెద్దగా నోరు తెరిచింది. నాలుక ఎత్తించి మరీ చూశాను. నిప్పు లేదు. అప్పుడు పాపను ఉయ్యాల్లోంచి నేనే తీసి, తల జాగ్రత్త అని చెప్పి, ఆవిడ చేతుల్లో పెట్టాను.