పొట్టేలు బదులు నేను

ఆ రోజుల్లో మా ఇంటి పేరుకు ఇంకా కాస్త బరువు ఉండేది. ఆస్తికి మాత్రం లేదు. మోతె దగ్గర మా ఊళ్లో మా తాత అందరికీ అప్పులిచ్చాడు, మా నాన్న అందరికీ టీలు తాగించాడు, నా వంతు వచ్చేసరికి గ్లాసులు మిగిలాయి. నేను సూర్యాపేటలో ఒక విత్తనాల దుకాణంలో బిల్లులు రాసుకుంటూ, కిరాయి గదిలో ఉంటూ, రోజూ గంజిపెట్టిన తెల్ల చొక్కా వేసుకుని వెన్ను నిటారుగా పెట్టి నడిచేవాణ్ణి. ఎందుకట్లా నడుస్తున్నావని ఎవరైనా అడిగితే మా వంశంలో అందరూ ఇట్లాగే నడిచారని చెబుదామని సిద్ధంగా ఉండేవాణ్ణి. ఎవరూ అడగలేదు. ఎండాకాలం, ఉక్కపోత, ఎవరి దారిన వాళ్లు పోయేవారు. ఇప్పుడు తలచుకుంటే ఆ నడక కంటే ఆ ఎదురుచూపే నన్ను ఎక్కువ అలసిపోయేట్టు చేసిందనిపిస్తుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూళ్లకూ కలిపి మాకొక సేవా క్లబ్బు ఉండేది. దానికి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. నాలో ఏ ప్రతిభ చూసి చేశారో అప్పట్లో నేను ఆలోచించలేదు, అది న్యాయమే అనుకున్నాను. (ఖాళీగా ఉండి, పిలవగానే వచ్చేవాణ్ణి నేనొక్కణ్ణేనని తర్వాత తెలిసింది.) మిర్యాలగూడ శివార్లలో రిటైరైన టీచరమ్మ ఒకామె వీధికుక్కలను, లారీలు గుద్దిన దూడలను, ఎవరో వదిలేసిన ఒక ముసలి గాడిదను చేరదీసి సాకుతుండేది. జనం ఆమెను కుక్కలమ్మ అనేవారు. ఆమె కూడా ఫోనులో ‘నేను కుక్కలమ్మను మాట్లాడుతున్న’ అనే చెప్పేది. ఆ వేసవిలో గాలిదుమారం వచ్చి ఆమె షెడ్డు మీది రేకులు లేచిపోయి పక్క పొలాల్లో ముక్కలు ముక్కలుగా పడ్డాయి. ఆమె మా మీటింగుకు వచ్చి, వానలు పడేలోగా కప్పు వెయ్యకపోతే జీవాలు బతకవని చెప్పింది. నేను లేచి నిలబడి, “వానకాలం మొదలయ్యేలోపల మీ షెడ్డు మీద రేకులుంటాయి. మా ఇంట్లో మాటంటే మాట” అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. కూర్చున్న తర్వాత ఎట్లా అన్న ఆలోచన వచ్చింది. (మా వంశంలో వరుస ఇదే. ముందు మాట, వెనక ఆలోచన. భూములు కూడా ఆ వరుసలోనే పోయాయి.)

లక్కీ డ్రా పెట్టి టికెట్లు అమ్ముదామన్నారు. మొదటి బహుమతి మిక్సీ అన్నాను నేను. మా క్లబ్బులో ఏ పండగ వచ్చినా సెంటర్లో తన బొమ్మతో ఫ్లెక్సీ కట్టించుకునే సభ్యుడు ఒకాయన ఉండేవాడు, అందరూ ఫ్లెక్సీ అన్న అనేవాళ్లం. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

“మిక్సీకి ఎవడు కొంటడు దొరా? ఇంటింటికి ఉన్నయ్ మిక్సీలు. పొట్టేలు పెట్టు. జనం ఎగబడకపోతె నన్నడుగు.”

మా వైపు దసరా వస్తే ప్రతి గల్లీలోనూ ఇట్లాంటి డ్రాలుంటాయి. మొదటి బహుమతి పొట్టేలు, రెండోది మందు సీసా, మూడోది నాటుకోళ్లు. లక్కీ డ్రా అంటే మాకు తెలిసిన రూపం అదొక్కటే. అయినా నేను అధ్యక్షుణ్ణి కదా, గొంతు సవరించుకుని, “మనది సేవా క్లబ్బు. సీసా ఉండడానికి వీల్లేదు” అన్నాను. దాని మీద పెద్ద చర్చ జరిగింది. కొందరు అలిగారు. చివరికి ధర్మం గెలిచింది, సీసాను తీసేశారు, దాని స్థానంలో నా మిక్సీని పెట్టారు. కోళ్లు కూడా ఎందుకులే దండగ అని తీసేశారు. పొట్టేలు ఉండిపోయింది. జంతువుల కోసం పెట్టిన డ్రా అని అందరికీ తెలుసు. పొట్టేలు కూడా జంతువేనని ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు. ఆకలి వేళ కావడం వల్ల కావచ్చు.

ఇగ టికెట్లు అమ్మాలి. మా తాత చెయ్యి చాపలేదు, మా నాన్న చెయ్యి చాపలేదు, నేనెట్లా చాపుతాను? దుకాణానికి పోయేవాణ్ణి, ‘రా దొరా, కూసో’ అనేవారు, కూర్చునేవాణ్ణి, ఎండల గురించి మాట్లాడేవాణ్ణి, టీ తాగి లేచి వచ్చేవాణ్ణి. టికెట్లు జేబులోనే చెమటకు మెత్తబడేవి. ఫ్లెక్సీ అన్న నన్ను తన బండి వెనక ఎక్కించుకుని మూడూళ్లూ తిప్పాడు. “నువ్వేం మాట్లాడకు. ఊకె నిలబడు. నిన్ను సూస్తె జర మర్యాదగ ఉంటది” అన్నాడు. నిలబడ్డాను. ఆయన అడిగాడు. టికెట్లన్నీ పోయాయి. పొట్టేలంటే మజాకా!

ఆ తర్వాత కుక్కలమ్మ మిర్యాలగూడ సెంటర్లో మా ఫ్లెక్సీ చూసింది. ఒక పక్క కుక్కపిల్ల, ఇంకో పక్క మెడలో బంతిపూల దండతో పొట్టేలు, మధ్యలో ఫ్లెక్సీ అన్న, కింద ‘మూగజీవాలను కాపాడుదాం’ అన్న అక్షరాలు. వెంటనే నాకు ఫోను చేసింది.

“ఏం బాబూ, ఆ పొట్టేలు మాట్లాడుతదా?”

“లేదు మేడం.”

“మరి మూగజీవం కాదా? గెలిచినోడు దాన్నేం జేస్తడు, బడికి పంపుతడా?”

టికెట్లన్నీ అమ్ముడుపోయాయని చెప్పాను.

“సూడు బాబూ. ఆ పొట్టేలు కత్తికి పోయిందంటే మీరు తెచ్చిన పైసలు నేను ముట్ట. నా కుక్కలు తడవనీ. ఒకదాని నెత్తురుతోని ఇంకోదానికి నీడ నాకొద్దు.”

ఆమె మాట తప్పే మనిషి కాదు. నేనూ కాదు, కనీసం కానని మీటింగులో చెప్పుకున్నవాణ్ణి. బహుమతి మారిస్తే టికెట్లు కొన్న జనం ఊరుకోరు. మాంసం ముట్టనివాళ్లకు తగిలితే బాగుండునని ఒకరన్నారు. అట్లా తగిలేటట్టు చేద్దామని ఫ్లెక్సీ అన్న కన్ను గీటాడు. మా ఇంట్లో దొంగ చీటీ తీసే అలవాటు లేదని చెప్పాను. “మీ ఇంట్ల ఏ అలవాటూ లేదు. అందుకే గిట్లున్నవ్” అన్నాడు ఆయన. డ్రా అయ్యేదాకా పొట్టేలును నా గది ముందే కట్టేశారు. అది నా ఒకే ఒక్క మంచి పంచె అంచు నమిలేసింది. నేను దాన్ని ఏమీ అనలేదు. దాని కష్టం దానికి ఉంది.

డ్రాలో పొట్టేలు కోదాడ బస్టాండు దగ్గర టిఫిన్ సెంటరు నడిపే ఒకావిడకు తగిలింది. ట్రాలీ ఆటోలో నేనూ పొట్టేలూ నిలబడి కోదాడ దాకా పోయాం. దారి పొడుగునా ఏమని అడగాలో మనసులో అనుకుంటూ పోయాను, తీరా చేరేసరికి ఒక్క మాటా మిగలలేదు. ఆవిడ పొట్టేలు నుదుటికి పసుపు రాసింది. ఫోటోలు దిగాం. నాకు ఇడ్లీ పెట్టింది, తిన్నాను. టీ ఇచ్చింది, తాగాను. ఎండలు బాగా ఉన్నాయన్నాను. ఔనంది. ఇంకా కూర్చున్నాను.

“ఏవండీ, పొట్టేల్ని ఇచ్చారు, ఫోటో దిగారు, టిఫిన్ చేశారు. ఇంకా కూర్చున్నారేంటి? బస్సు లేదా?”

“మీ పొట్టేలు...” అన్నాను.

“మా పొట్టేలుకేం?”

“బాగుంది.”

“బాగుందిలెండి. ఇంకా?”

“దాన్ని నాకివ్వండి.”

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. “మళ్లీనా? ఇందాకేగా ఇచ్చారు!”

సంగతంతా చెప్పాను. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని విన్నది. “కుక్కలకి రేకులేయటానికి పొట్టేల్ని పెట్టారా! కూర్చుని ఆలోచించే పెట్టారా?”

“మీటింగు పెట్టుకున్నామమ్మా.”

“ఆదివారం మా కొత్తల్లుడు, వియ్యంకుడు వస్తున్నారండీ. పెళ్లిలో ముక్క తక్కువైందని ఇప్పటికీ దెప్పుతున్నారు. పొట్టేల్ని కోస్తున్నామని నిన్ననే ఫోన్లు చేసి చెప్పేశా. ఇప్పుడు పప్పన్నం పెట్టి పంపనా? పరువు మీకేనా, మాకుండదా?”

పరువు సంగతి నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? లేచి వచ్చేద్దామనుకున్నాను. ఒకరు కాదన్నాక అక్కడ రెండో మాట మాట్లాడడం మా ఇంట్లో లేదు. కానీ కప్పు లేని ఆ షెడ్డులో ముసలి గాడిద కళ్లు మూసుకుని నిలబడి ఉండడం అంతకుముందు వారమే చూసి వచ్చాను. నాకు చాలా అలసటగా అనిపించింది. “అమ్మా, నేను ఇంతవరకు ఎవరినీ ఏదీ అడగలేదు. నాకు అడగడం రాదు. ఎట్లా అడిగితే ఇస్తారో మీరే చెప్పండి, అట్లాగే అడుగుతాను” అన్నాను.

పెనం దగ్గర దోసెలు వేస్తున్న ఆవిడ భర్త అప్పటిదాకా నోరు విప్పలేదు. ఇప్పుడు వెనక్కి తిరక్కుండానే, “మోతె కాడి దొరోరి మనవడంట గదే” అన్నాడు.

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. సంతలో పశువును చూసినట్టు చూసింది, అందులో తప్పుపట్టడానికేమీ లేదు. “నిజంగా దొరగారి మనవడేనా? అయితే ఆదివారం మీరు రండి. పంచె కట్టుకుని రండి. మా అల్లుడి పక్కన కూర్చుని భోంచెయ్యండి. మా వియ్యంకుడు వచ్చినప్పుడల్లా నాకు ఎమ్మెల్యే తెలుసు, వాళ్లు తెలుసు, వీళ్లు తెలుసు అని ఒకటే ఊదరగొడతాడు. మా ఇంటికి ఎవరొస్తారో ఆయన కూడా చూడాలిగా. అప్పుడు పొట్టేలు లేకపోయినా పర్లేదు.”

“అంటే... పొట్టేలు బదులు నేనా?”

“కోయంలెండి” అంది ఆవిడ.

పొట్టేలుతో పాటు అదే ఆటోలో మిర్యాలగూడ పోయాను. కుక్కలమ్మ దాని చెవులు పట్టి చూసి, నోరు తెరిచి పళ్లు చూసి, అప్పుడు నన్ను చూసింది. “ఎట్ల ఇచ్చిందయ్యా?” అంది. అడిగానని చెప్పాను. “నువ్వా!” అని చాలాసేపు నవ్వింది. మర్నాడే పైసలు తీసుకుంది, రేకులు తెప్పించింది. మేస్త్రీలు చివరి రేకుకు మేకులు కొడుతుండగానే తొలివాన మొదలైంది. కుక్కలన్నీ ఆ చప్పుడుకు ఏకధాటిగా మొరిగాయి, ఫోనులో నాకు కూడా వినిపించింది ఆమె.

పొట్టేలును దింపిన రోజుకూ ఆ తొలివానకూ మధ్య వచ్చిన ఆదివారం నేను కోదాడ పోయాను. పంచెకు నమిలిన అంచు లోపలికి వచ్చేట్టు కట్టుకున్నాను. ఆవిడ గుమ్మం దాకా ఎదురొచ్చి, ఊరంతా వినపడేట్టు “రండి రండి దొరగారూ” అంది. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. వియ్యంకుడు నన్ను ఎగాదిగా చూసి, “తమరికి ఎకరాలు ఏమాత్రం ఉంటాయండీ?” అన్నాడు. “ఎప్పుడూ లెక్క చూసుకోలేదు” అన్నాను. (అబద్ధం కాదు. చూసుకోవడానికి ఉండాలి కదా.) ఆయన సర్దుకుని కూర్చున్నాడు. ఎమ్మెల్యే మాట ఆ పూట ఎత్తలేదు. కొత్తల్లుడు మాత్రం విస్తరిలో వెతికి వెతికి చూసి, నా చెవి దగ్గరకు వంగి, “పొట్టేలన్నారు, ఏదండీ?” అని అడిగాడు. “నేనే” అన్నాను.

పొట్టేలు లేదని నాటుకోడి పులుసు చేశారు. (ఆ కోడి సంగతి కుక్కలమ్మకు నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.) అట్లాంటి పులుసు నేను అంతకుముందూ తినలేదు, ఆ తర్వాతా తినలేదు. విస్తట్లో అన్నం ఉండగానే పులుసు అయిపోయింది. పెద్దింటివాడు చెయ్యి ఆపి కూర్చుంటాడు, వడ్డించేవాళ్లు బతిమాలి వేస్తారు, అది మర్యాద. నేను చెయ్యి ఆపి కూర్చున్నాను. ఆవిడ వియ్యంకుడికి వడ్డించే హడావిడిలో నా వైపు చూడలేదు. గిన్నె అటు పోయింది, ఇటు పోయింది. మా తాత ఎంతసేపు ఆగేవాడో తెలియదు. నేను ఆగలేకపోయాను.

“అమ్మా, నాకు ఇంకొంచెం పులుసు” అన్నాను.

గదిలో అందరూ తలెత్తారు. ఆవిడ మొహం వెలిగిపోయింది. పొట్టేలు కోసినా అంత వెలుగు వచ్చేది కాదు. వియ్యంకుడి వైపు తిరిగి, “విన్నారుగా అన్నయ్యగారూ? దొరగారు అడిగి వేయించుకుంటున్నారు మా ఇంట్లో!” అంది. ఆ మాట కోదాడ బస్టాండులో చాలా ఏళ్లు తిరిగింది. దొరగారు అడిగి తిన్న పులుసట అని దూరం నుంచి కూడా జనం ఆవిడ దగ్గరకు వచ్చేవారట.

ఆవిడ పరువు నిలబెట్టడానికే నేనట్లా అడిగానని ఆవిడ ఇప్పటికీ నమ్ముతుంది. నేనూ కాదనలేదు. నేను నెలకింతని కట్టి తినే మెస్సును శనివారం రాత్రి నుంచే మూసేస్తారని, ఆ ముందు రోజు మధ్యాహ్నం నుంచి నేనేమీ తినలేదని ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, వెనకే కొంచెం జాలీ వేస్తుంది. కడుపునిండా అన్నం అడగడానికి పాపం, వాడికి ఒక పొట్టేలు సాకు కావలసి వచ్చింది.