పద్నాలుగు అడుగుల తేడా

తప్పు నా కంటపడింది మధ్యాహ్నం నాలుగూ పదికి. నగర కౌన్సిల్ సమావేశం సాయంత్రం ఏడింటికి. టెక్సస్‌లో కాపెల్ అనే ఊళ్లోని మా ఆఫీసు నుంచి అక్కడికి పదకొండు మైళ్లు. తప్పు, నేను గీసిన ఒక మ్యాపులో, పద్నాలుగు అడుగులు.

ఆ మ్యాప్ నేను ఒక ఐరిష్ పెద్దాయన కోసం గీశాను. పంతొమ్మిదో ఏట ఐర్లండ్ నుంచి వచ్చి, నీటి పైపులకు కందకాలు తవ్వి, చివరికి ఒక ట్రైలర్ పార్కులో, లారీ మీద తెచ్చి నిలిపే ఇళ్ల మధ్య, స్థిరపడ్డారాయన. అక్కడ ఇల్లు సొంతం. దాని కింది నేల మాత్రం వేరొకరిది. ఆ నేలను నివాసులే ఉమ్మడిగా కొనుక్కోవాలని ఇరవై ఏళ్లు ఇంటింటికీ తిరిగారు. రెండుసార్లు ఓడి, మూడోసారి కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. ఐర్లండ్‌లో తన నాయనమ్మను కౌలుభూమి నుంచి గెంటేసిన రోజు వర్షం పడుతోందట. ఆ కథ ఎప్పుడు చెప్పినా వర్షం దగ్గరే ఆగిపోయేవారు.

2009లో పార్కు యజమాని, తొమ్మిది ఇళ్లు పక్కనున్న వాగు వరద హద్దులో ఉన్నాయి కాబట్టి మొత్తం నలభై రెండు ఇళ్లనూ ఖాళీ చేయించాలని కౌన్సిల్‌ను కోరాడు. నా ఉద్యోగం మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్. లైబ్రరీలో పరిచయమైన పెద్దాయన సరిచూడమని అడిగితే రెండు శనివారాలు కూర్చున్నాను. తొమ్మిదీ హద్దుకు బయటే ఉన్నట్టు తేలింది. ఆయన అదే మాట కౌన్సిల్‌లో అందరికీ చెప్పారు.

వాగు గీత కొలతలు మీటర్లలో ఉంటే అడుగుల్లోకి మార్చాను. మీటర్లతో చదువుకున్న నాకు అడుగంటే ఒకే అడుగు. టెక్సస్ సర్వేయర్లు వాడే అడుగు దానికంటే పది లక్షల్లో రెండు వంతులు పొడవు. కొలతల మూలబిందువు డెబ్భై లక్షల అడుగుల దూరంలో ఉండటంతో ఆ రవ్వంత తేడా పద్నాలుగు అడుగులైంది. నా మ్యాపులో వాగు ఉత్తరానికి, అంటే ఇళ్లకు దూరంగా, జరిగింది. సరిచేస్తే తొమ్మిది ఇళ్లూ హద్దులోనే.

నా హెచ్-1బి వీసా ఎక్స్‌టెన్షన్ అప్పటికింకా పెండింగ్‌లో ఉంది. ఆ వీసా మీద కంపెనీ పని కాక బయటి పని చేశానంటే చిక్కే. భార్యకు ఫోన్ చేశాను.

"ఎవరు గీశారని అడుగుతారు. అప్పుడేం చెప్తావు? ఊళ్లో వాళ్ల భూములు ఉద్ధరించడానికి వీసా ఇచ్చారా నీకు?"

చెప్పకపోతే ఏమవుతుందని అడిగాను. ఫోన్ పెట్టేసి, లెక్క మరోసారి మొదటి నుంచీ సరిచూసి, బయల్దేరాను.

దారి పొడవునా వెనక వచ్చే ప్రతి పోలీసు కారూ నా కోసమే అనిపించింది. ఆరూ ముప్పై ఐదుకు కౌన్సిల్ భవనం వరండాలో పెద్దాయనకు అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

"ఇంకెవరికి తెలుసు?" అన్నారు.

"మనిద్దరికే, సర్."

"సర్ అనకు. నేను కందకాలు తవ్వినవాణ్ని." కళ్లద్దాలు తీసి తుడిచారు. "రేపు యజమాని ఇంజనీరు కనిపెడితే మనల్ని ఇక ఎవరూ నమ్మరు. తొమ్మిదితో ఆగదు, నలభై రెండూ పోతాయి."

అప్పుడు అడిగాను, ఈనాటికీ సిగ్గుపడే ప్రశ్న: "నా పేరు చెప్తారా?"

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నారు. "మ్యాప్ కావాలన్నది నేను. తప్పూ నాదే."

సమావేశం మొదలవగానే లేచి, తన మ్యాప్ తప్పని చెప్పి వెనక్కి తీసుకున్నారు. ఎవరో నవ్వారు. నేను వెనక వరుసలో, తలుపుకు దగ్గరగా కూర్చుని, ఎవరైనా నావైపు తిరుగుతారేమోనని చూస్తూ ఉన్నాను. ఎవరూ తిరగలేదు. తొమ్మిది ఇళ్లు తొలగించాలనీ, మిగతావి ఉండవచ్చనీ తీర్మానమైంది.

పోయినవి: తొమ్మిది ఇళ్లు. వాటిలో ఉన్న ముప్పై నాలుగు మందికి చోటు. తర్వాతి ఎన్నికల్లో ఆయన సీటు. నా ఎక్స్‌టెన్షన్ ఆరు వారాలకు వచ్చింది. నా వైపు నష్టం ఏమీ లేదు.